కాఫీ కాండంలో గ్రీకు మాట

అరకు దగ్గరి డుంబ్రిగుడ చుట్టుపక్కల కాఫీ తోటల్లో కొన్ని మొక్కలు చనిపోయే తీరు వేరుగా ఉంటుంది. ఆకులు ముందు పసుపుబారతాయి, తరవాత వాడి వేలాడతాయి. నేలలో తడి ఉంటుంది, వేరు కుళ్లి ఉండదు. అయినా మొక్కకి నీళ్లు అందవు. కాండాన్ని చేత్తో తడిమితే బెరడు మీద అక్కడక్కడ గట్టు కట్టినట్టు ఉబ్బు తగులుతుంది. ఆ చోట కత్తితో చీలిస్తే లోపల వంకర్లు తిరిగిన సొరంగం, దాన్నిండా గట్టిగా కూరిన పొట్టు, ఎక్కడో ఒక చివర తెల్లటి పురుగు.

రైతుల మాటల్లో ఇది కాండం తొలిచే పురుగు. కాఫీ బోర్డు కాగితాల్లో వైట్ స్టెమ్ బోరర్. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు జైలోట్రెకస్ క్వాడ్రిపీస్. అది తొలిచేసిన భాగాన్ని వృక్షశాస్త్రం జైలం అంటుంది. చంపే పురుగు పేరులోనూ, నాశనమైన భాగం పేరులోనూ ఒకటే గ్రీకు మాట ఉంది: క్సైలాన్. అంటే కర్ర. ముఖ్యంగా నరికి, వాడుకకి సిద్ధం చేసుకున్న కర్ర. గ్రీకులు పలికిన 'క్స' ఇంగ్లీషు నోటిలో 'జ' అయింది. మనకి ఇంగ్లీషు దారినే వచ్చింది కాబట్టి మనమూ 'జ' అంటున్నాం.

ఒకటో తరగతి పిల్లల బొమ్మల చార్టులో ఎక్స్ అక్షరం పక్కన కనిపించే జైలోఫోన్ కూడా ఈ కుటుంబంలోదే. కర్ర పలకల మోత అని దాని అర్థం. ఆ చార్టు దాటాక ఈ మాట మళ్లీ ఎదురయ్యేది హైస్కూలు జీవశాస్త్రంలో. అప్పటికి అది కంఠస్థం చేయాల్సిన గడ్డు పదంగా మారిపోయి ఉంటుంది. శాస్త్రనామాలు జనాన్ని దూరంగా ఉంచడానికి పుట్టినవి కావని నా గట్టి నమ్మకం. ఒక మూలం తెలిస్తే పది పేర్లు విప్పుకుంటాయి. అరకు కొండల్లో అయితే ఆ పేర్లు గల వస్తువులన్నీ చేతికందే దూరంలోనే ఉన్నాయి.

జైలం అన్న పేరు పెట్టింది స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ నేగెలి, 1858లో. మొక్క లోపల రెండు రకాల రవాణా కణజాలాలు ఉన్నాయని గుర్తించి, వేరు నుంచి నీరూ లవణాలూ పైకి మోసేదాన్ని జైలం అన్నాడు. ఆకులో తయారైన చక్కెరను మిగతా భాగాలకు చేరవేసేదాన్ని ఫ్లోయం అన్నాడు. ఈ రెండో పేరు బెరడు అనే గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. తెలుగు పాఠ్యపుస్తకాలు జైలాన్ని దారువు అంటాయి. మంచి పేరు. సంస్కృతంలో దారువంటే కర్రే. గ్రీకులో దీనికి తోబుట్టువు దోరు. ఇంగ్లీషు 'ట్రీ' కూడా ఆ వంశంలోదే. అంటే మన పుస్తకం గ్రీకు మాటని ఎత్తి రాసుకోకుండా, అదే అర్థానికి తన ఇంటి పాత మాటని తెచ్చుకుంది.

జైలంలో విచిత్రం ఏమిటంటే, నీళ్లు మోసే గొట్టాలు చచ్చిపోయిన కణాలు. బతికుండగా కణం తన గోడకి లిగ్నిన్ అనే పదార్థం పట్టించి గట్టిపరుచుకుంటుంది. తరవాత లోపలి పదార్థమంతా కరిగిపోతుంది, పై కణానికీ కింది కణానికీ మధ్య అడ్డుగోడ కూడా పోతుంది. మిగిలేది బోలు గొట్టం. అలాంటివి ఒకదాని మీద ఒకటి నిలిచి వేరు నుంచి ఆకు దాకా దారి కడతాయి. ఏటేటా ఈ పొరలు పేరుకుంటూ పోతే అదే కలప. మన ఇళ్ల ద్వారబంధాలు, నాగళ్లు, ఏటికొప్పాక బొమ్మలు అన్నీ చెట్టు ఒకప్పుడు నీళ్లు తాగిన గొట్టాలే. నడిమి పొరలు పాతబడి, మూసుకుపోయి, రంగు తిరిగితే దాన్ని చేవ అంటాం. చేవ నీళ్లు మోయదు. దాని చుట్టూ ఉన్న లేత పొరలే మోస్తాయి. నడుము బోలుగా అయిపోయిన ముసలి చింతచెట్టు ఏటా కాయడానికి కారణం ఇదే.

ఇక నీరు పైకి ఎలా ఎక్కుతుంది? నేల మీద పెట్టిన పీల్చే పంపు ఎంత బలమైనదైనా పది మీటర్ల లోతుకి మించి నీటిని పీల్చలేదు, గాలి ఒత్తిడి అంతకన్నా ఎత్తుకి నెట్టలేదు గనక. కాఫీ తోటలో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ ఇరవై మీటర్లు సులువుగా దాటుతుంది. దాని చిటారు ఆకుకి కూడా నీరందుతోంది. 1894లో డబ్లిన్‌లో హెన్రీ డిక్సన్, జాన్ జోలీ దీనికి సమాధానం చెప్పారు. ఆకు మీది సన్నని రంధ్రాల నుంచి నీరు ఆవిరవుతుంటే పైనున్న నీటి అణువు కిందిదాన్ని లాగుతుంది, అది ఇంకో కిందిదాన్ని లాగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుంటాయి. సన్నని గొట్టంలో ఆ వరస తెగకుండా వేరు దాకా సాగుతుంది. ఎండే పంపు, చేంతాడు నీళ్లే. మధ్యలో గాలి బుడగ దూరితే ఆ గొట్టం వరకూ పని ఆగిపోతుంది. చెట్టు దగ్గర అలాంటి గొట్టాలు వేలకి వేలు ఉంటాయి కాబట్టి ఒకటి తెగినా బతుకుతుంది.

పురుగు చేసే నష్టం ఇప్పుడు అర్థమవుతుంది. ఏప్రిల్, మే నెలల్లోనూ, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ రెక్కలొచ్చిన పెంకుపురుగులు కాండాల్లోంచి బయటికి వస్తాయి. మగది ఒక వాసన వదిలి ఆడదాన్ని పిలుస్తుంది. ఆ వాసన పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసి ఎరలుగా కూడా కడుతున్నారు. ఆడది బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పది రోజులు తిరిగేసరికి పిల్లపురుగు పుట్టి, మొదట బెరడు కిందే తింటూ కాండం చుట్టూ తిరుగుతుంది. పైకి తగిలే ఆ గట్లు దాని నడక గుర్తులే. బలం వచ్చాక గట్టి కర్రలోకి దిగి, దాదాపు ఏడాది పొడవునా జైలాన్ని తొలుస్తూ పోతుంది. తన వెనక సొరంగాన్ని పొట్టుతో మూసేసుకుంటుంది కాబట్టి మందు చల్లినా లోపలికి చేరదు. ఏడెనిమిదేళ్ల లేత మొక్క అయితే ఏడాదిలో పోతుంది. ముదురు మొక్క కొన్ని కాపుల దాకా పసుపుబారి లాక్కొస్తుంది. రొబస్టా మీద ఈ పురుగు పెద్దగా పడదు. అరకు కొండలవి మాత్రం అరబికా తోటలు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా అరకు వ్యాలీ అరబికా పేరుకే.

దీనికి మందు కన్నా నీడ మేలు. ఆడ పెంకుపురుగు ఎండ పడే కాండాన్ని ఎంచుకుంటుంది. సిల్వర్ ఓక్ కొమ్మలు విచ్చలవిడిగా కొట్టేసిన తోట దాన్ని పిలిచి పీట వేస్తుంది. పురుగు బయటికి రాకముందే, మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి, ప్రతి మొక్క కాండమూ తడిమి చూసుకోవాలి. గట్లు తగిలిన మొక్కని వేరుతో సహా పెరికి కాల్చాలి. పెరికి గట్టున పడేస్తే పురుగు అందులోంచే రెక్కలు కట్టుకుని బయటికి వస్తుంది. వంటచెరుకుగా దాచుకున్నా అంతే. 2025లో అరకు తోటల్లో కనిపించి కలవరపెట్టిన బెర్రీ బోరర్ ఇది కాదు, అది గింజను తొలిచే వేరే పురుగు. రెంటికీ ఒకే జాగ్రత్త సరిపోదు.

నీళ్లు మోసే కర్ర ఒక్కోసారి నీళ్లు దాచుకుంటుంది కూడా. 2024 మార్చి చివర్లో పాపికొండలు జాతీయ పార్కులో అటవీ అధికారులు ఒక నల్లమద్ది చెట్టు బెరడుకి గాటు పెడితే కుళాయి తిప్పినట్టు నీళ్లు చిమ్మాయి. ఆ దృశ్యం చూసి దేశమంతా ఆశ్చర్యపోయింది. అక్కడి గిరిజనులు కొండరెడ్లు ఆశ్చర్యపోలేదు, అధికారులకి ఆ సంగతి చెప్పిందే వాళ్లు. వేసవిలో చెట్టు దాచుకునే ఆ నీరు ఘాటు వాసనతో పుల్లగా ఉంటుందని కూడా వాళ్లకి ముందే తెలుసు. పరిశోధకులు ఇంకా కొలతలు వేసుకోవాల్సిన విషయం అడవిలో తరాలుగా వాడుకలో ఉంది. ఇలాంటి ఎరుక ఎక్కడ దొరికినా చెప్పినవాళ్ల పేరుతో సహా రాసిపెట్టుకోవడం శాస్త్రం పని.

జీలుగు కల్లు సంగతి దీనికి భిన్నం. జీలుగు గెలను కోసి, కుండ కట్టి దించే తీపి నీరు దారువుది కాదు, ఫ్లోయం గొట్టాలది. ఆకులు వండిన చక్కెర అందులో ఉంటుంది. అందుకే తీపి, అందుకే పులుస్తుంది. నల్లమద్ది నీటినీ జీలుగు నీటినీ పక్కపక్కన పెట్టి రుచి చూసినవాడు నేగెలి చెప్పిన తేడాని నాలుకతోనే నేర్చుకుంటాడు.

గ్రీకు కర్ర మాటతో మొక్కలకి పేర్లు పెట్టడం మన తీరంలోనే జరిగింది. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడి వచ్చి, ఆ తరవాత దక్షిణ దేశమంతా తిరిగి మొక్కలు సేకరించాడు. మడ అడవుల్లో పెరిగే ఒక చెట్టు ప్రజాతికి 1784లో జైలోకార్పస్ అని పేరు పెట్టాడు. కార్పోస్ అంటే పండు, కాబట్టి కర్రపండు. కాకినాడ పక్క కోరింగ మడ అడవుల్లో ఈ ప్రజాతి చెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మరుసటి సంవత్సరమే కోనిగ్ కాకినాడ జగన్నాథపురంలో రక్తవిరేచనాలతో చనిపోయాడు. చివరి రోజుల్లో దగ్గరుండి చూసుకున్నవాడు విలియం రాక్స్‌బర్గ్.

రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉండి తోట వేశాడు, సర్కారు జిల్లాల మొక్కలకి స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల నుంచి ఏరినవాటితో కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం లండన్‌లో 1795 నుంచి అచ్చయింది. అందులో మన కొండతంగేడు ఉంది. దానికి ఆయన పెట్టిన పేరు మైమోసా జైలోకార్పా. ఇప్పుడు జైలియా జైలోకార్పా అంటున్నారు, అంటే పేరులో కర్ర రెండుసార్లు వచ్చింది. ఆ చెట్టు దగ్గర నిలబడితే అది ఎక్కువేమీ అనిపించదు. కాయ నిజంగా కర్రముక్కే, నెలవంక ఆకారంలో, గోరు దిగనంత గట్టిగా ఉంటుంది. ఎండలు ముదిరాక పెద్ద చప్పుడుతో రెండుగా విచ్చి, మెలి తిరిగి, గింజల్ని దూరంగా విసురుతుంది. ఆ బొమ్మలు గీసిన చిత్రకారుల పేర్లు మాత్రం పుస్తకానికి ఎక్కలేదు. మొక్క పేరు గ్రీకులో భద్రంగా ఉంది, బొమ్మ గీసిన చెయ్యి ఎవరిదో చరిత్రకి అందలేదు. ఇది నన్ను బాధపెడుతుంది.

కర్రతో ముడిపడ్డ జీవుల్లో తెలుగువాడికి బాగా దగ్గరిది తుమ్మెద. నల్లగా మెరుస్తూ, మంద్రంగా మోగుతూ వచ్చి ఇంటి దూలాన్నో ఎండిన వెదురునో గుండ్రంగా తొలిచే పెద్ద తుమ్మెదని శాస్త్రం జైలోకోపా అంటుంది. ఫ్రెంచి కీటకశాస్త్రజ్ఞుడు లత్రేయ్ 1802లో పెట్టిన పేరు. కర్రని కోసేది అని అర్థం. అది కర్రని తినదు. సొరంగంలో పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి, కర్రపొట్టుతో గోడ కట్టి, ఇంకో గది మొదలుపెడుతుంది. కర్రని సైతం తొలవగల తుమ్మెద తామర రేకుల మధ్య మాత్రం ప్రేమకొద్దీ కదలకుండా ఉండిపోతుందని మన దేశపు పాత సుభాషితాల్లో ఒక భావన ఉంది. తుమ్మెద దారువును ఛేదించడంలో నేర్పరి అని ఆ కవికి తెలుసు. లత్రేయ్ గ్రీకులో కూర్చిన పేరు కూడా సరిగ్గా అదే.

తొలకరి వానలకి పుట్టల మీద మొలిచే పుట్టకొక్కుల్ని కొండ జనం ఎంత ఇష్టంగా ఏరుకుంటారో అందరికీ తెలుసు. అవి చెదలు తమ గూట్లో సాగుచేసుకునే బూజుకి పూసిన పూలు. చెదలు ఖాళీ చేసి వెళ్లిపోయిన పుట్టలోంచి నల్లగా, సన్నగా, కాలిన పుల్లల్లా పైకి లేచే ఇంకో శిలీంధ్రం ఉంది. దాని ప్రజాతి జైలేరియా. దాని బంధువులు కుళ్లే మొద్దుల మీద ఉంటాయి కాబట్టి ఆ పేరు. పుట్ట మీద అది కనిపిస్తే లోపల చెదలు లేనట్టే అనుకోవచ్చు.

ఇప్పటి వరకూ అడవిలో ఉన్నాం. రసాయనశాస్త్రంలోకి అడుగుపెడితే కర్ర ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది, కాకపోతే చాలామంది గుర్తుపట్టలేరు. కర్రకి గ్రీకులో ఇంకో మాట ఉంది: హ్యూలే. అడవి, కలప అని అర్థం. అరిస్టాటిల్ దీన్నే పదార్థం అన్న అర్థంలో వాడాడు. వడ్రంగి చేతిలో కర్ర ఎలాగో, ప్రకృతి చేతిలో పదార్థం అలాగ. 1832లో జర్మన్ రసాయనశాస్త్రజ్ఞులు వోలర్, లీబిగ్ ఒక పరమాణు సమూహం ఎన్ని చర్యల్లోంచి వెళ్లినా చెక్కుచెదరకుండా బయటపడటం చూసి, దానికి బెంజోయిల్ అని పేరు పెట్టారు. చివర ఉన్న 'ఇల్' హ్యూలే నుంచి వచ్చింది. ఆనాటి నుంచి ఆ తోక రసాయనశాస్త్రమంతా పాకింది. ఇథైల్, బ్యూటైల్, ఎసిటైల్ అన్నీ దాని పిల్లలే. గూడేలకి ఊటనీరు తెచ్చే పీవీసీ గొట్టం పూర్తి పేరు పాలీవినైల్ క్లోరైడ్. ఆ 'వినైల్' తోకలో కూడా కర్ర ఉంది.

వీటన్నిటిలో మిథైల్ కథ వేరు. కర్రను గాలి తగలకుండా కాల్చి, వచ్చే ఆవిరిని చల్లార్చితే తేలికైన ఒక ద్రవం దొరుకుతుందని 17వ శతాబ్దంలోనే రాబర్ట్ బాయిల్ గుర్తించాడు. దాన్ని కర్ర సారా అనేవారు. 1834లో పారిస్‌లో డ్యూమా, పెలిగో దాని స్వభావాన్ని తేల్చి, గ్రీకు మాటలు రెండు కలిపి పేరు కట్టారు: మెథ్యూ, హ్యూలే. మెథ్యూ అంటే మధువు. అర్థం ఒకటి కావడమే కాదు, మాట కూడా ఒకే మూలానిది, సంస్కృత మధువుకి గ్రీకు తోబుట్టువు. మిథైల్ అంటే కర్ర మధువు. కల్తీ సారా తాగి ప్రాణాలు పోయాయని పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా ఈ పేరు కనిపిస్తుంది. శరీరం దీన్ని ముందు ఫార్మాల్డిహైడ్‌గా, తరవాత ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, ఎక్కువైతే ప్రాణం తీస్తుంది. రంగు, వాసన చూసి మామూలు సారాకీ దీనికీ తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు. చూపు మసకబారిందని ఎవరైనా అంటే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. ఈ ఒక్క విషయం ప్రతి గ్రామంలోనూ తెలియాలి.

అదే కర్ర సారాలోంచి 1850లో ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు కావూర్ ఇంకో ద్రవాన్ని వేరుచేశాడు. అదే జైలీన్. ఇప్పుడు దాన్ని పెట్రోలియం నుంచి తీస్తున్నారు, పేరు మాత్రం కర్రదే. దాని నుంచి వచ్చే జైలిడీన్‌తో మొదలుపెట్టి 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ ఒక మత్తుమందు తయారుచేశాడు. 1948లో అది జైలోకెయిన్ పేరుతో బజారుకి వచ్చింది. పన్ను పీకేముందు, గాయానికి కుట్లు వేసేముందు పొడిచే సూది ఇదే. సీసా మీద లిగ్నోకెయిన్ అని కూడా రాసి ఉంటుంది. లిగ్నమ్ అంటే లాటిన్‌లో కర్ర. ఒకే మందుకి గ్రీకు కర్ర ఒక పేరు, లాటిన్ కర్ర ఇంకో పేరు. జలుబుకి ముక్కులో వేసుకునే జైలోమెటాజోలిన్ చుక్కల పేరులో జైలో కూడా జైలీన్ దారినే వచ్చింది. ఈ మందుల్లో కర్ర లేదు. వంశవృక్షంలో మాత్రం ఉంది.

కర్ర నుంచి నేరుగా వచ్చే తీపి కూడా ఉంది. దారువు గోడల్లో సెల్యులోజ్‌తో పెనవేసుకుని జైలాన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని విడగొడితే జైలోజ్ అనే చక్కెర, దాన్ని హైడ్రోజన్‌తో కలిపితే జైలిటాల్. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో వాడేది ఇదే. నోటిలోని బాక్టీరియా దీన్ని ఆమ్లంగా మార్చలేవు కాబట్టి పళ్లకి మంచిది. కుక్కలకి మాత్రం ఇది విషం.

దారువు మీద ఈ మధ్య జరిగిన పనుల్లో కొండ గ్రామాలకి పనికొచ్చేది ఒకటుంది. అమెరికాలో ఎమ్ఐటీలో రోహిత్ కర్ణిక్ బృందం 2014లో పైన్ చెట్టు కొమ్మని చిన్న ముక్కగా కోసి, బెరడు తీసి, గొట్టానికి బిగించి దానిగుండా నీటిని పంపింది. బాక్టీరియాలో 99 శాతానికి పైగా కర్రలోనే ఆగిపోయాయి. పైన్ జాతి చెట్లలో నీరు మోసే కణాల మధ్య అతి సన్నని రంధ్రాలున్న పొరలు ఉంటాయి. నీరు దాటుతుంది, క్రిమి దాటలేదు. వైరస్‌లు అంతకన్నా చిన్నవి కాబట్టి వాటిని ఆపడం కష్టం. మామిడి, టేకు లాంటి చెట్ల గొట్టాలు వెడల్పు, అవి ఈ పనికి పైన్ అంత బాగా రావు. తరవాత ఇదే బృందం ఉత్తరాఖండ్ కొండల్లో గ్రామస్థులతో కలిసి ఈ వడపోతను పరీక్షించి, 2021లో ఫలితాలు ప్రచురించింది.

జీవశాస్త్రం పాఠాలు రాసేవాళ్లకి, ముఖ్యంగా ఏజెన్సీ బడుల్లో చెప్పేవాళ్లకి ఒక విన్నపం. జైలం అన్న పేరు వచ్చిన పేజీలోనే దాని పక్కన దారువు అని, కర్ర అని రాయండి. క్సైలాన్, ఫ్లోయోస్, కార్పోస్, కోపే లాంటి నాలుగు మూలాలు గోడ మీద వేయండి. బడి పక్క తోటలో పెరికేసిన కాఫీ మొద్దు ఒకటి ఉంటే తెచ్చి, పిల్లల ముందు చీల్చి, సొరంగం చూపించాకే పాఠం మొదలుపెట్టండి. ఆ తరవాత జైలోఫాగస్ అన్న పేరు బల్ల మీద రాసి, ఫాగీన్ అంటే తినడం అని మాత్రం చెప్పండి. మిగతాది వాళ్లే చెబుతారు.